మన వేదిక మీద మన పాట ఏదీ?

క్రిందటి ఉగాదికి ముందు జరిగిన కార్యక్రమాల సమావేశంలో ఒక చిన్న సంగతి జరిగింది. మా అమ్మాయికి పదహారేళ్ళు. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒక పాట కట్టుకుంది. ఒక పిల్ల గిటారు, ఒక పిల్ల డ్రమ్ములు, పాడేది మా అమ్మాయి. రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మ ప్రతి ఆదివారం ఫోను చేసి "తిన్నావా అమ్మా" అని అడుగుతుంది. ఆ తరవాత ఏం మాట్లాడాలో ఆవిడకీ తోచదు, చెప్పాలని ఉన్నా ఈ పిల్లకి తెలుగు మాట అందదు. ఇద్దరూ ఫోను పట్టుకుని ఊరికే ఉంటారు. అదీ పాట. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మొత్తం నాలుగు నిమిషాలు. ఉగాదికి పాడతామని పేరిచ్చారు.

"ఏ సినిమాలోదమ్మా?" అని అడిగారు ఒక పెద్దాయన.

"సినిమాలోది కాదు అంకుల్. మేమే రాశాం. ఇండీ పాట."

"ఇండియా పాటే గదా, తెలుస్తూనే ఉంది. ఏ సినిమా అని అడుగుతున్నా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి, "ఎవరికీ తెలియని పాట ఎందుకు తల్లీ, జనానికి తెలిసినది ఏదైనా పాడు, ట్రాకు మేం తెప్పిస్తాం" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. హాలు దొరకనప్పుడు నాలుగు చోట్ల తిరిగి సంపాదించేదీ, చివరిదాకా ఉండి కుర్చీలు సర్దేదీ ఆయనే. కాని ఆ పిల్లలు ఉగాదికి పాడలేదు. ఆ రోజు మా అమ్మాయి అసలు హాలుకే రాలేదు.

నేను ఆ గదిలోనే కూర్చుని నోరు మెదపలేదు. ఆ తప్పుకి ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను. కొందరికి కోపం రావచ్చు. వస్తే జవాబు వ్రాయండి, సంపాదకులు తప్పక వేస్తారు.

*

ముందు ఈ ఇండీ అన్న మాట సంగతి తేల్చుకుందాం. ఇండీకీ ఇండియాకీ చుట్టరికం లేదు. ఇండిపెండెంట్ అన్న మాటని కుర్రకారు సగానికి కోసి వాడుకున్నారు. సొంతకాళ్ళ సంగీతం అనవచ్చు. మన సందేహానికి కారణం లేకపోలేదు. 1990లలో మన దేశంలో ఇండీపాప్ అని ఒక సరుకు అమ్మారు. అక్కడ ఆ మాటకి ఇండియా అనే అర్థం. ఆ పాటల్లో చాలావాటిని అమ్మినవి పెద్ద పెద్ద కంపెనీలే.

ఈ మాట అసలు పుట్టిల్లు ఇంగ్లండు. 1977 జనవరిలో మాంచెస్టరు కుర్రాళ్ళు కొందరు, బజ్‌కాక్స్ అనే బృందంగా ఏర్పడినవాళ్ళు, ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌన్లు అప్పు చేసి తమ రికార్డు తామే వేసుకున్నారు. ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కలేదు. వెయ్యి ప్రతులు వేస్తే అవి చెల్లిపోయాయి, మళ్ళీ మళ్ళీ వేశారు. అది చూసి దేశమంతటా పిల్లలకు ధైర్యం వచ్చింది. 1980 జనవరి వచ్చేసరికి ఇలాంటి రికార్డుల అమ్మకాలకు వేరే పట్టిక ఒకటి పెట్టవలసి వచ్చింది. దానినే ఇండీ చార్టు అన్నారు.

ఆ పట్టికలోకి ఎక్కడానికి అర్హత ఏమిటో గమనించండి. గిటారు ఇలా మోగాలనీ, గొంతు అలా ఉండాలనీ నియమం లేదు. రికార్డు పెద్ద కంపెనీల పంపిణీ ద్వారా కాకుండా బజారుకి రావాలి, అంతే. అందుకే 1980ల చివర కైలీ మినోగ్ వంటి, తళుకుబెళుకుల పాటలు పాడే గాయని కూడా ఆ ఇండీ పట్టికలో పైకెక్కింది. ఆమె పాటలు వేసిన సంస్థ అప్పటికి స్వతంత్ర పంపిణీదారుల ద్వారా అమ్మేది మరి! తరవాత తరవాత జనం ఇండీ అంటే ఒక తరహా చప్పుడు, ఒక తరహా చొక్కా అనుకోవడం మొదలుపెట్టారు. ఇవాళ పెద్ద కంపెనీలే ఇండీ అని ముద్ర కొట్టి అమ్ముతున్నాయి. మనం మాత్రం మొదటి అర్థాన్నే పట్టుకుందాం. ఒక పాట ఇండీ అవునో కాదో తేల్చాలంటే చెవితో పాటు జమాఖర్చుల పుస్తకం కూడా చూడాలి. ఖర్చు ఎవరు పెట్టారు? పాట మీద హక్కు ఎవరిది? ఈ మాట మార్చు, ఆ దరువు తీసెయ్యి అని చెప్పగల అధికారం ఎవరికి ఉంది? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు "పాడినవాళ్ళదే" అయితే అది ఇండీ పాట.

*

ఇదంతా ఎక్కడో దూరపు సంగతి అనుకునేరు. మనం కాపురముంటున్న వాషింగ్టను ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పిన ఊరు. మనకి ఈ ఊళ్ళో తెలిసినవి వైట్‌హౌసు, మ్యూజియములు, వీసా ఆఫీసులు, ఇండియా నుంచి అత్తగారూ మామగారూ వస్తే చూపించే చెర్రీపూలు. అవతలి సంగతి మన పిల్లలకు తెలుసు, మనకు తెలియదు.

1979లో ఇక్కడి టెన్లీటౌను పేటలోని హైస్కూలు పిల్లలు టీన్ ఐడిల్స్ అనే బృందం కట్టారు. కొన్నాళ్ళకి విడిపోయారు. విడిపోయేనాటికి, కచేరీల్లో వచ్చిన సొమ్ము ఒక్క డాలరు ముట్టకుండా దాచినది, సుమారు 600 డాలర్లు డబ్బాలో ఉన్నాయి. పంచుకుని తలా ఒక జత బూట్లు కొనుక్కోవచ్చు. వాళ్ళు ఆ డబ్బుతో తమ పాటలు రికార్డుగా వేశారు. అట్ట ఎలా మడవాలో తెలియక ఒక ఇంగ్లీషు రికార్డు అట్టని విప్పదీసి, దాని మీద గీత గీసుకుని, అచ్చు వేయించి, కత్తెరతో కత్తిరించి, జిగురు పెట్టి చేత్తో అంటించారు. ఈ పత్రిక కాగితాలు మన ఇళ్ళల్లో భోజనాల బల్ల మీద పెట్టుకుని మడిచి, పిన్ను కొట్టి, బిళ్ళలు అంటించే మనకి ఆ పని రుచి వేరే చెప్పాలా?

అలా మొదలైన సంస్థ పేరు డిస్కార్డ్, అంటే అపశ్రుతి. నడిపినవారిలో ముఖ్యులు ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్. కొన్నాళ్ళకి దాని మకాం మన తెలుగువాళ్ళు ఎందరో ఉంటున్న వర్జీనియాలోని ఆర్లింగ్టనులో ఒక మామూలు ఇల్లు. వాళ్ళ పద్ధతి ఇది: వాషింగ్టను చుట్టుపక్కల బృందాలవే పాటలు వేస్తారు. వ్రాతపూర్వకమైన ఒప్పందాలు లేవు. ఖర్చులు పోగా మిగిలినది బృందంతో పంచుకుంటారు. ఆ సంస్థ పెట్టి నలభై ఏళ్ళు దాటింది. లాయర్లు వ్రాసిన అరవై పేజీల ఒప్పందాల మీద కట్టిన కంపెనీలు ఎన్నో ఈలోగా మునిగాయి, అమ్ముడుపోయాయి.

1987లో మెకాయ్ మరి ముగ్గురితో కలిసి ఫుగాజీ అనే బృందంగా పాడసాగాడు. ప్రపంచమంతా తిరిగి వెయ్యి కచేరీల దాకా చేశారు. వీలైనంతవరకు టిక్కెట్టు 5 డాలర్లే. ఏ వయసువాళ్ళయినా లోపలికి రావచ్చు. పెద్ద కంపెనీలు సంచులు పట్టుకుని వస్తే వద్దన్నారు. 2002 తరవాత ఆ బృందం కలిసి కచేరీ చేయడం మానింది. కాని తమ కచేరీల్లో 800కి పైగా రికార్డు చేసి దాచుకున్నారు. 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఒక్కొక్క కచేరీ వెల 5 డాలర్లని వ్రాసి, డాలరు మొదలు వంద దాకా నీకు తోచింది ఇమ్మన్నారు. ఆ పాటలు మీకు నచ్చవలసిన పని లేదు. నాకు సగం నచ్చవు, చెవులు పోతాయి. కాని ఆ లెక్క నచ్చనివాడు ఎవడు?

వాషింగ్టను అంటే ఈ తెల్లపిల్లల గిటార్లు మాత్రమే అనుకుంటే అదీ పొరపాటే. ఈ ఊరి సొంత సొత్తు గో-గో అనే సంగీతం. నల్లవారి పేటల్లో 1970లలో పెరిగింది. దానికి పితామహుడు అనిపించుకున్న చక్ బ్రౌన్ 2012లో పోయాడు. పాటకీ పాటకీ మధ్య దరువు ఆపకుండా, ఎదురుగా ఉన్నవారిని పేరుపేరునా పిలుస్తూ, వాళ్ళ చేత బదులు పలికిస్తూ రాత్రంతా సాగే ఆటపాట అది. మన జాతర డప్పు విన్న చెవికి అందులో అర్థం కానిది ఏమీ లేదు. కచేరీ జరుగుతూండగానే రికార్డు చేసిన క్యాసెట్లు చేతి నుంచి చేతికి అమ్ముడయ్యేవి. పెద్ద కంపెనీలు ఒకటి రెండుసార్లు తొంగిచూసి పోయాయి. ఊరు మాత్రం వదల్లేదు. 2019లో షా పేటలో ఒక సెల్‌ఫోను దుకాణం వారు ఏళ్ళ తరబడి వీధిలోకి మోగిస్తున్న గో-గో పాటలు ఆపించాలని ఎవరో ఫిర్యాదు చేస్తే, జనం వేలమంది వీధిలోకి వచ్చి ఆడి పాడి ఆ నోటికి తాళం వేయించారు. 2020లో గో-గో ఈ నగరపు అధికార సంగీతంగా చట్టమే వచ్చింది.

కొత్తగా వచ్చిన మేడలవాళ్ళకు పాతకాపుల పాట చప్పుడుగా వినిపించిందన్నమాట. మన సమావేశంలో పిల్లల పాట మనకు ఎలా వినిపించిందో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

*

ఇక మన సంగతి. నేను సినిమా పాటకి శత్రువుని కాను. ఘంటసాల గొంతు వినకుండా మా ఇంట్లో ఆదివారం తెల్లవారదు. 2023లో "నాటు నాటు"కి ఆస్కారు వచ్చిన రాత్రి అందరితో పాటు నేనూ లేచి గంతులు వేశాను, మోకాలు ఇంకా నొప్పి పుడుతూనే ఉంది. సినిమా పాటలో గొప్ప కవులున్నారు, గొప్ప విద్వాంసులున్నారు. నా తగవు మరొకటి. ఒక జాతికి ఉన్న పాటంతా ఒకే దుకాణం నుంచి రావడం ఆరోగ్యం కాదు. ఆ దుకాణంలో లెక్క ఎలా ఉండేదో కూడా చూడండి. 1977లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారం, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతే. వ్రాసిన కవీ, వరస కట్టిన సంగీతదర్శకుడూ కూలి తీసుకుని పోవలసిందే. 2012లో చట్టం సవరించాక గాని కవికీ సంగీతదర్శకుడికీ వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ వాటా రాలేదు. అన్నేళ్ళు మనం చప్పట్లు కొట్టిన పాటల వెనుక ఉన్న జమాఖర్చు అది.

"సినిమావి కాని పాటలు మనకి లేవా? ప్రైవేటు రికార్డులు ఉండేవిగా" అంటారు మీలో పెద్దవాళ్ళు. ఉండేవి. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఘంటసాల పాడితే తెలుగునాడు కన్నీరు పెట్టుకుంది. కాని అది వేసినది హెచ్.ఎం.వి. వారు. రేడియోలో లలితసంగీతం మరొక అదృష్టం. విజయవాడ కేంద్రం 1948లో మొదలైనది లగాయతు బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివారు సినిమాతో పని లేకుండా పాట ఎలా బతకవచ్చో చూపించారు. కాని ఆ కొమ్ము సర్కారు చేతిలో ఉంది. సినిమాది కానంత మాత్రాన పాట స్వతంత్రం కాదు. మన మూడు ప్రశ్నలూ మళ్ళీ అడగాలి.

ఆ ప్రశ్నలకు నిలిచినవి కూడా మన దగ్గర ఉన్నాయి. 1972లో పుట్టిన జననాట్యమండలి పాటలు ఏ స్టూడియో దయ లేకుండా ఊళ్ళు తిరిగాయి. గద్దరు 2023 ఆగస్టులో పోయాడు, వంగపండు 2020 ఆగస్టులో పోయాడు. వాళ్ళ రాజకీయాలతో మీకు చుక్కెదురు కావచ్చు. అది వేరే సభ. కాని గొంగడీ గజ్జే తప్ప పెట్టుబడి లేకుండా పాట ఎంత దూరం పోగలదో వాళ్ళు చూపించారు. సినిమావాళ్ళు తరవాత వాళ్ళ పాటల కోసం వాళ్ళ గుమ్మానికే వెళ్ళారు. ఈ మధ్యకి వస్తే హైదరాబాదులో చౌరస్తా అనే బృందం తమ పాటలు తామే కట్టి పాడింది. అందులోని రామ్ మిరియాల 2021లో "జాతిరత్నాలు" సినిమాకు పాడాక గాని మనలో చాలామందికి ఆ పేరు చెవిన పడలేదు. సినిమా కిటికీలోంచి తప్ప మనకు మనవాళ్ళే కనిపించరు!

ఇంకా వెనక్కి పోదాం. తన పాట తానే వ్రాసి, తానే వరస కట్టి, తానే పాడేవాడికి ఇంగ్లీషులో రెండు మాటలు అతికించి గీత పెట్టాలి. మనకి ఒకే మాట ఉంది: వాగ్గేయకారుడు. 1408లో పుట్టిన అన్నమయ్య పాటల్ని ఆయన కుటుంబంవారు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో దాచారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు మళ్ళీ వెలుగు చూడబట్టి ఇవాళ పాడుకుంటున్నాం. అన్నమయ్యని తీసుకెళ్ళి ఇండీ జెండా కట్టడం నా ఉద్దేశం కాదు. ఆయనకు గుడి అండ ఉంది, ఆయన లెక్క స్వామితో. నేను అడిగేది ఒక్కటే: వాగ్గేయకారుడు అనే మాట ఉన్న జాతికి, పదహారేళ్ళ పిల్ల "మేమే రాశాం" అంటే ఏ సినిమాలోది అని అడగవలసిన గతి ఎందుకు పట్టింది?

*

ఉగాది అయిన నెలకి మా అమ్మాయి, "నాన్నా, కారు తీస్తావా, ఊళ్ళో కచేరీ ఉంది" అంది. కోపం ఇంకా ఉంది కాని కారు నాదే కదా! ఒక చర్చి నేలమాళిగ. మనిషికి పది డాలర్లు, లేనివాళ్ళు ఉన్నది వెయ్యమని అట్టముక్క మీద వ్రాసి ఉంది. అరవైమంది దాకా ఉంటారు. నేను చెవుల్లో దూది పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. మొదటి బృందం ముగ్గురూ కాలేజీ పిల్లలు. శ్రుతి తప్పారు, ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరూ నవ్వలేదు. పాట అయ్యాక పాడిన పిల్లే బల్ల దగ్గర నిలబడి క్యాసెట్లు అమ్మింది. అవును, క్యాసెట్లే, మళ్ళీ వస్తున్నాయి. నా దగ్గరికి వచ్చి, "ఎలా ఉంది సార్?" అని అడిగింది. నా జన్మలో ఒక పాట పాడినవాళ్ళు నా అభిప్రాయం అడగడం అదే మొదలు. చివర నలుగురూ అందరి ఎదుటా డబ్బు లెక్కపెట్టి, హాలుకింత, ఊరి బయటి నుంచి వచ్చిన బృందానికి పెట్రోలుకింత అని పంచుకున్నారు. మన సంఘం కోశాధికారిగా నాలుగేళ్ళు పనిచేసిన నాకు అంత శుభ్రమైన లెక్క చూస్తే ముచ్చట వేసింది.

తిరిగి వస్తూ మా అమ్మాయి, "వచ్చే నెల ఇక్కడ మేం పాడుతున్నాం నాన్నా. అమ్మమ్మ పాట" అంది. తెలుగు మాట తెలియని ఆ అరవైమంది ముందు "తిన్నావా" అనే మాట ఉన్న పాట పాడవచ్చు. తెలుగు సంఘంలో పాడకూడదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

*

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. నావీ అవే.

జనం రారు అంటారు. జనం వచ్చేది పాటకని ఎవరన్నారు? పులిహోరకీ, పలకరింపుకీ వస్తారు. ఆర్కెస్ట్రా మోగుతూంటే సగంమంది వసారాలో నిలబడి ఇళ్ళ ధరలు మాట్లాడుకుంటారు. ఇండియా నుంచి సినిమా గాయకుల్ని రప్పించిన ఏడు మన జమాఖర్చుల పట్టీలో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. ఆ పద్దులో పదో వంతు మన పిల్లల పాటకి ఎన్నడూ కేటాయించలేదు.

వాళ్ళ తెలుగు వంకర అంటారు. వంకరే. మనం నేర్పలేదు గనుక. అచ్చమైన తెలుగులో ఇంకొకరు వ్రాసిన మాటలు అర్థం తెలియకుండా ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసుకుని చిలక పలుకులు పలకడం కంటె, తనకి వచ్చిన పది మాటలతో తన మనసులోది చెప్పిన పిల్ల తెలుగుకి దగ్గర అని నా వాదం.

పిల్లలు చెడిపోతారు అంటారు. ఇది వినండి. 1980లో టీన్ ఐడిల్స్ కుర్రాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తే, వయసు చాలనివాళ్ళకు సారా పొయ్యకుండా గుర్తుకి చేతి మీద నల్లటి ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపారు. వాళ్ళు ఆ పద్ధతిని వాషింగ్టనుకి తెచ్చారు. మాకు తాగుడు వద్దు, పాట వింటే చాలు అన్నారు. తాగం, పొగ పీల్చం అనే ప్రతిజ్ఞ కుర్రకారులో ఒక ఉద్యమంగా లేచింది ఈ ఊరి నుంచే. మన పార్టీల్లో రాత్రి పదకొండయ్యాక ఏం జరుగుతుందో నేను వ్రాయను.

ఈ రోజుల్లో ఎవరి పాట వాళ్ళు ఫోనులో పెట్టుకోవచ్చు కదా, మన వేదిక ఎందుకు అంటారు. పెట్టుకోవచ్చు. 2024 నుంచి స్పాటిఫైలో, ఏడాదికి కనీసం 1000 సార్లు వినబడని పాటకి ఒక్క పైసా రాదు. బ్యాండ్‌క్యాంప్ కొంత నయం. పాట అమ్మితే వందకి 15 మినహాయించుకుని మిగిలినది ఇస్తుంది. కాని ఆ సంస్థే 2022లో ఒకరికి, 2023లో మరొకరికి అమ్ముడుపోయింది. యంత్రంలో ఉన్న దుకాణం ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో మనం చెప్పలేం. పాట పుట్టేది ఎదురుగా నలుగురు మనుషులు కూర్చున్న చోట. ఆ నలుగురూ మనం కాకపోతే ఇంకొకరు అవుతారు.

*

ఎక్కడ వినాలి అని అడిగేవారికి నాలుగు దారులు చెబుతాను. టెన్లీటౌనులో ఫోర్ట్ రీనో పార్కు ఉంది. 1968 నుంచి అక్కడ వేసవి సాయంత్రాలు గడ్డిలో కూర్చుని వినే ఉచిత కచేరీలు జరుగుతూ వచ్చాయి. 2014లో పోలీసు ఖర్చు తగవుతో ఆగిపోబోయి, జనం గోల చేస్తే మళ్ళీ జరిగాయి. ఈ ఏటి తేదీలు ముందు కనుక్కుని, చాపా, పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్ళండి. మెట్రో ఎర్రలైను స్టేషను నుంచి నడక దూరమే. 14వ వీధిలో బ్లాక్ క్యాట్ అనే క్లబ్బు 1993 నుంచి ఉంది. ఎఫ్ వీధిలో 1980లో మొదలై 1996లో వి వీధికి మారిన నైన్ థర్టీ క్లబ్బు అంతకంటె పెద్దది. జి వీధిలోని మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయంలో ఈ ఊరి పంక్ సంగీతపు కాగితాలు, రికార్డులు పోగుచేసి భద్రపరిచారు. ఒక ప్రభుత్వ గ్రంథాలయం కుర్రాళ్ళ చేతిరాత కరపత్రాల్ని రాగిరేకుల్లా దాచుతోంది, మన సంఘం పాత సంచికలు ఎవరి గరాజులో ఉన్నాయో మనకే తెలియదు. మేరీలాండు విశ్వవిద్యాలయం విద్యార్థుల రేడియో డబ్ల్యు.ఎం.యు.సి. పెట్టి వింటే ఎక్కడ ఎవరు పాడుతున్నారో చెవిన పడుతుంది. నేలమాళిగ కచేరీల చిరునామాలు గోడలకు అంటించరు. వాటికి దారి మీ ఇంట్లో పిల్లలే. అడగండి.

చివరగా సంఘం వారికి నా మనవి. వచ్చే దీపావళి కార్యక్రమంలో ఒక గంట, అది కూడా భోజనాల వేళ కాకుండా, సొంత పాటలకు కేటాయించండి. ఆ గంటలో ట్రాకు వద్దు, సినిమా పాట వద్దు. పాడినవారికి తోటలో కోసిన పువ్వు కాకుండా ఎంతో కొంత పైకం ఇవ్వండి. ఆ పాట మీద హక్కు వాళ్ళదేనని ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. ఈ పత్రికలో ఒక అరపేజీ, ఊళ్ళో జరిగే కచేరీల తేదీలకు ఇవ్వండి. వ్రాసే పని నేను చేస్తాను. హాలు నిండకపోతే ఆ గంట అద్దె నేను కట్టుకుంటాను, ఇది చేవ్రాలుతో వ్రాస్తున్న మాట.

రెండేళ్ళలో మా అమ్మాయి చదువుకి వేరే ఊరు పోతుంది. మీ పిల్లలూ పోతారు. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళు తెలుగు సంఘం గుమ్మం తొక్కుతారా అన్నది మనం వాళ్ళని ఏ పాట అడిగాం అన్నదాని మీద ఉంటుంది. ఆ సమావేశంలో నవ్విన పెద్దాయనతో ఈ వ్యాసం అచ్చుకి ఇచ్చే ముందు మాట్లాడాను. కాసేపు ఊరుకుని, "ఆ పాట నేను వినలేదోయ్, ఒకసారి వినిపించమను" అన్నారు. ఈ మాట మా అమ్మాయికి చెప్పాను. "అంకుల్‌ని చర్చికి రమ్మను నాన్నా, పది డాలర్లు" అంది.

ఆయన వస్తానన్నారు. దూది నేను పట్టుకెళ్తున్నాను.